రూములో వద్దు సార్, చెట్టు కిందికి రండి

మాది తిరుపతిలో బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక చిన్న లాడ్జి. 22 రూములు, పైకి మూడంతస్తులు. నాయన కట్టించింది, పదేళ్ళుగా కౌంటర్లో నేను కూర్చుంటా ఉండాను. కొండకి పొయ్యేవాళ్ళు, కొండ దిగొచ్చినవాళ్ళు, ఒక స్నానం, ఒక కునుకు, మళ్ళీ బస్సు, అదే మా వ్యాపారం. ఏడాదిగా నా తలకాయ నిండా ఒకటే విషయం ఉండాది, రూముల్లో సిగరెట్ పొగ. దాని మీద డబ్బులు పోయినాయి, ఇంట్లో మాటలు పడినాను, కొన్ని సంగతులు నేర్చుకున్నాను, మన ఊళ్ళో లాడ్జి నడిపే ఇంకొకరికన్నా పనికొస్తాయేమో అని అన్నీ రాసేస్తా ఉండాను.

నిరుడు ఆడికృత్తిక (మురుగన్ పండగ) రద్దీలో జరిగింది ముందు చెప్పాలి. ఆరణి నుంచి ఒక కుటుంబం, తిరుత్తణిలో కావడి మొక్కు తీర్చుకుని అట్నే మా ఊరికి వచ్చేసరికి రాత్రి పదకొండయింది. భార్యాభర్తలు, ఒక ముసలామె, మూడేళ్ళ పాప. ఆ రోజు ఊళ్ళో ఎక్కడా రూము లేదు, మా దగ్గర 204 ఒక్కటే అప్పుడే ఖాళీ అయింది. అందులో ముగ్గురు కుర్రోళ్ళు పొద్దుట్నుంచి తలుపేసుకుని ఏసీ పెట్టుకుని సిగరెట్లు కాల్చి కాల్చి అప్పుడే చెకౌట్ చేసినారు. మా రూమ్‌బాయ్ గబగబా దుప్పట్లు మార్చి, గంధం వాసనొచ్చే రూమ్ స్ప్రే సగం డబ్బా కొట్టి, "రెడీ అన్నా" అని పైనుంచి కేకేసినాడు. నేను తాళం తీసి ఇచ్చినాను. పొద్దుట్నుంచి ఆ రూములో పొగ ఉందని నాకు తెలుసు, వాసన పోయింది కదా చాల్లే అనుకున్నాను.

రాత్రి ఒకటిన్నరకి ఆయన పాపను భుజానేసుకుని మెట్లు దిగొచ్చినాడు. పాప ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతా ఉండాది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటా ఉండాది, లోపల్నుంచి సన్నగా ఈల. "మూచ్చు వాంగుదు సార్" అన్నాడు, ఊపిరి ఆడ్డం లేదని. వెనకాల ఆయన పాపను పట్టుకుని కూర్చుంటే నేను బండి తోలుకుని రుయా ఆస్పత్రికి పోయినాను. క్యాజువాలిటీలో వెంటనే నెబులైజర్ మాస్కు పెట్టినారు. డ్యూటీ డాక్టరమ్మ రాసుకుంటా అడిగింది, ఇంట్లో ఎవరన్నా సిగరెట్ తాగుతారా అని. ఆయన "ఇల్ల మేడం, యారుమే ఇల్ల" అన్నాడు, ఎవరూ లేరని. నేను ఆయన వెనకాలే నిలబడి ఉండాను. నా నోరు పెగల్లేదు.

తెల్లారేసరికి పాప కుదుటపడింది. రూము డబ్బులు వెనక్కి ఇస్తే ఆయన తీసుకోలేదు, పాప చేతిలో పెట్టి పంపించినాను. ఆ రూములో వాళ్ళకి ముందు ఎవరున్నారో, ఏం చేసినారో ఆయనకి ఇప్పటికీ తెలీదు, నేను చెప్పలేదు.

మా ఊరి లాడ్జీల్లో ఈ కష్టం ఎందుకు ఎక్కువో బయటి ఊరోళ్ళకి అర్థం కాకపోవచ్చు. కొండ మీద పొగాకు నిషేధం, అలిపిరి చెక్‌పోస్టులో బ్యాగులు స్కాన్ చేస్తారు, సిగరెట్టు బీడీ దొరికితే తీసి పక్కన పడేస్తారు. కాబట్టి ఎక్కేముందు కాల్చాల్సిందంతా మా రూముల్లోనే కాల్చేస్తారు, పైన ఒకటిన్నర రోజు ఆపుకుని దిగొచ్చినవాళ్ళు షూ కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని వెలిగిస్తారు. కొండ అంత శుభ్రంగా ఉండాదంటే ఆ పొగ కొంత కింద మా గోడల్లోకి దిగింది.

రుయా నుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం 204 తాళం తీసుకుని పోయి కూర్చున్నాను. స్ప్రే వాసన పోయి అసలు వాసన పైకొచ్చింది. గోడకి ఉండే స్వామి పటం తీసి చూస్తే వెనకాల పటమంత మేర గోడ మీగడ రంగులో ఉండాది, చుట్టూ మిగతా గోడ టీ ఒలికినట్టు. నేను ఆ గోడను రోజూ చూస్తానే ఉండాను, అదే దాని రంగు అనుకుంటా ఉండాను. ఏసీ ముందు మూత తీసి తడిగుడ్డతో లోపల ఒకసారి తుడిస్తే గుడ్డకి జిగురుగా, బెల్లంపాకం లాగా అంటుకుంది. దుమ్మయితే పొడిగా రాలుతాది, ఇది రాలేది కాదు.

మా రూములు చేసే అక్క అప్పుడే చీపురు పట్టుకుని లోపలికొచ్చింది. చంద్రగిరి దాటి ఒక పల్లె నుంచి పొద్దున బస్సుకి వస్తాది, పదకొండేళ్ళుగా మా దగ్గరే. గుడ్డ చూపించినాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇదేముంది నాయనా, సాయంత్రానికి నా పైటకొంగు చూడు, బీడీ తాగే మా ఆయన చొక్కాకన్నా ఎక్కువ వాసనొస్తాది, మా మనవరాలు ఇంటికి పోతానే నా దగ్గరికి రాదు, నీళ్ళు పోసుకుని రా అవ్వా అంటాది" అనింది. ఆమె జీవితంలో ఒక బీడీ ముట్టింది లేదు. రోజుకి పది పన్నెండు రూములు, చెకౌట్ అయిన వెంటనే, అంటే పొగ ఇంకా గాల్లో ఉన్నప్పుడే లోపలికి పోయి దుప్పట్లు దులుపుతాది. పదకొండేళ్ళు. నేను ఆమెకి జీతం పెంచినాను, పండక్కి చీర పెట్టినాను, ఈ సంగతి మాత్రం ఒక్కరోజు కూడా అడగలేదు.

అప్పట్నుంచి చదవడం మొదలుపెట్టినాను. పొగ తాగే మనిషి పీల్చి వదిలేదానికన్నా, వేళ్ళ మధ్య ఊరికే కాలతా ఉండే కొస నుంచి వచ్చే పొగే రూములో ఎక్కువ ఉంటాదంట, దానికి ఏ ఫిల్టరూ అడ్డం ఉండదు. పొగాకు పొగలో 7000కి పైగా రసాయనాలు, అందులో ఓ 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. ప్రపంచంలో ఏటా తాము తాగకుండా పక్కవాళ్ళ పొగ వల్ల చనిపోయేవాళ్ళే పది లక్షలకు పైగా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తా ఉండాది. 2006లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ పెద్ద డాక్టరు) రిపోర్టు తేల్చి చెప్పింది ఏమంటే, ఇంత పొగ అయితే పర్లేదు అనే లెక్కే లేదు, లోపల కాల్చేవాళ్ళని వేరే కూర్చోబెట్టినా గాలి శుభ్రం చేసినా ఫ్యాన్లు పెట్టినా పక్కవాళ్ళకి పొగ పూర్తిగా తప్పదు. ఇది చదివినాక కూడా నేను నమ్మలేదు, డబ్బు పెడితే ఏదో ఒక మిషన్ ఉండకపోతుందా అనుకున్నాను. అందుకే ముందు మిషన్ల వెంట పడినాను.

ఆన్‌లైన్లో గాల్లో సన్నటి దుమ్ము కొలిచే చిన్న మీటరు కొన్నాను, పీఎం 2.5 చూపిస్తాది. దాని అంకెలు ల్యాబ్ అంకెలు కావు గానీ పెరిగిందా తగ్గిందా అనేది బాగా చెప్తాది. ఖాళీగా ఉన్న 105లో మా బావని కూర్చోబెట్టినాను, ఆయనకి ఎట్లా అలవాటే. తలుపు మూసి, ఏసీ వేసి, ఒకే ఒక్క సిగరెట్. ముందు 38 (ఘనపు మీటరు గాలికి మైక్రోగ్రాముల లెక్క) ఉండింది, అది కాల్చి పడేసేసరికి 400 దాటింది. మన దేశం లెక్క ప్రకారం బయటి గాల్లో 24 గంటల సగటు 60 దాటకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 15 అంటాది. బావ బయటికొచ్చేసినాడు, గంట తర్వాత చూస్తే ఇంకా 200 దగ్గరే ఉండాది, అప్పటికి కంటికి పొగ కనపడదు, లోపలికొచ్చినోడికి రూము బాగానే ఉన్నట్టు ఉంటాది. 204 తాళం ఇచ్చిన రాత్రి నేను మోసపోయింది ఇక్కడే.

చానా మంది అనుకునేది, నేనూ అనుకున్నది, ఏసీ పొగని బయటికి లాగేస్తాదని. స్ప్లిట్ ఏసీ బయటి గాలి ఒక్క చుక్క లోపలికి తేదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాది, బయట ఉండే డబ్బా వేడిని మాత్రమే బయటికి పంపిస్తాది. దాని ఫిల్టరు జల్లెడ లాంటిది, బొచ్చు, దుమ్ము ఆపుతాది, పొగ అందులోంచి దూరిపోతాది. ఏసీ వేసుకుని తలుపేసుకుంటే రూమంతా ఒక మూత పెట్టిన కుండ అయిపోతాది. రూమ్ స్ప్రే సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ముక్కుని మభ్యపెడతాది, పొగ ఉండేచోటే ఉంటాది. సాంబ్రాణి, ఊదుకడ్డీలు వెలిగించి వాసన పోగొట్టే అలవాటు కూడా మాకుండింది, ఆ మీటరు పక్కన ఊదుకడ్డీ పెడితే అంకె ఇంకా పైకి పోయింది, ఆ రోజే మానేసినాము.

తర్వాత 14 వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫయర్ తెచ్చినాను, హెపా ఫిల్టరు ఉండేది. సన్నటి రేణువుల్ని అది బాగానే పట్టింది, మీటరు అంకె చకచకా దిగింది, నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే అక్క లోపలికొచ్చి "వాసన అట్నే ఉండాదే నాయనా" అనింది. ఆమె ముక్కే కరెక్టు. హెపా రేణువుల్నే పడతాది, పొగలో ఉండే వాయువుల్ని, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటివాటిని పట్టలేదు, లోపలుండే బొగ్గు పొర కొంత పీల్చుకుంటాది, అది కూడా త్వరగా నిండిపోతాది. పైగా పక్కనోడు మంచం మీద కాల్చేటప్పుడు పొగ మిషన్ దగ్గరికి పొయ్యేలోపు పాప ముక్కు దగ్గరికే పోతాది కదా. 22 రూములకి 22 మిషన్లు కొన్నా ఆ సంగతి మారదు. ఒకాయన ఓజోన్ మిషన్ పెట్టు, వాసన మాయం అన్నాడు. ఓజోన్ ఊపిరితిత్తులకే దెబ్బ, పొగ తీసి దాన్ని పెట్టడమెందుకు, ఆ మాట అక్కడితో వదిలేసినాను.

ఇంక మిగిలింది ఒక అంతస్తు మొత్తం పొగ తాగేవాళ్ళకి వదిలేద్దాం అనే ఆలోచన. నాయనకి ఇది చానా నచ్చింది. ఇక్కడ రెండు సంగతులు అడ్డం పడినాయి. ఒకటి చట్టం. పొగాకు చట్టం 2003లో వచ్చింది, బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదనే రూల్సు 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చినాయి. వాటి ప్రకారం 30 రూములు, అంతకన్నా ఎక్కువ ఉన్న హోటళ్ళు మాత్రమే పొగ తాగేవాళ్ళకి విడిగా రూములు పెట్టొచ్చు, అవన్నీ ఒకే వరసలో ఒకేచోట ఉండాలి, వాటి పొగ బయటికే పోవాలి గానీ వరండాల్లోకి, లాబీలోకి రాకూడదు. మాకు 22. అంటే మాకు ఆ వెసులుబాటే లేదు, మా గడప లోపల ఎక్కడా కాల్చకూడదు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు బోర్డు గుమ్మం దగ్గర, ప్రతి అంతస్తులో పెట్టాలి, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో పేరు రాసి పెట్టాలి, యాష్‌ట్రే, అగ్గిపెట్టె ఇవ్వకూడదు. తాగినోడికి జరిమానా 200 రూపాయల దాకా, ఎవరన్నా వచ్చి చెప్పినా ఓనరు పట్టించుకోకపోతే ఎంతమంది తాగితే అంతమంది జరిమానా ఓనరు మీద. మా దగ్గర అప్పటిదాకా ప్రతి టీపాయ్ మీద పింగాణీ యాష్‌ట్రే ఉండింది, నాయన శివకాశి క్యాలెండర్లతో పాటు తెప్పించినవి, ఎవరూ అడగలేదు, మేమూ చూసుకోలేదు.

రెండోది మా బిల్డింగే. 307లో దిగినవాళ్ళు ఎప్పుడూ బాత్రూములో సిగరెట్ వాసనొస్తాదని చెప్పేవాళ్ళు, ఆ రూములో ఎవరూ కాల్చకపోయినా. ఒక రాత్రి బావా నేనూ ఊదుకడ్డీ పట్టుకుని కూర్చున్నాము. ఇది ఎవరైనా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు, ఊదుకడ్డీ వెలిగించి సందుల దగ్గర కదలకుండా పట్టుకుంటే గాలి ఎటు పోతా ఉండాదో ఆ పొగతీగే చూపిస్తాది. 307 బాత్రూములో ఆగిపోయిన ఎగ్జాస్ట్ ఫ్యాను దగ్గర పెడితే పొగతీగ బయటికి పోవాల్సింది పోయి లోపలికి మా మొహం మీదికి వచ్చింది. కింద 207లో ఫ్యాను వేస్తే ఇంకా గట్టిగా వచ్చింది. బాత్రూములన్నిటికీ కలిపి వెనకాల ఒకటే డక్ట్ (గాలి పైకి పొయ్యే నిలువు దారి), దాని నెత్తిన వానకి తడవకుండా నాయన ఎప్పుడో రేకు మూసేసినాడు, పక్కల సందు మాత్రమే ఉండాది. కింది రూము ఫ్యాను తోసిన పొగ పైకి పోయి దారి లేక పై బాత్రూములో దూరతా ఉండాది. మరుగుదొడ్డి పక్కన నహానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పొయ్యే జాలీ గొట్టం) కూడా చూసినాము, రూము వారం రోజులు ఖాళీగా ఉంటే అందులో నీళ్ళు ఎండిపోయి అక్కడ్నుంచి కూడా గాలి వస్తాది. ఒక బిల్డింగులో ఒకడు కాలిస్తే అది ఒక రూము సంగతిగా ఉండదు, గోడలు కనపడతాయి గానీ గాలికి గోడల్లేవు.

ఆ రోజుల్లోనే విమానాల సంగతి చదివినాను. ఒకప్పుడు విమానంలో వెనక వరసలు పొగ తాగేవాళ్ళకి, ముందు వరసలు తాగనివాళ్ళకి, మధ్యలో గోడ కూడా లేదు, అందరూ పీల్చేది ఒకటే గాలి. అందులో రోజంతా నిలబడి పని చేసేది ఎయిర్ హోస్టెస్‌లు. నార్మా బ్రోయిన్ అనే ఆమె ఎప్పుడూ సిగరెట్ తాగలేదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. 1991లో ఆమె పేరు మీద ఎయిర్ హోస్టెస్‌లందరూ కలిసి సిగరెట్ కంపెనీల మీద అమెరికాలో కేసేసినారు, 1997లో 30 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది, ఆ డబ్బు పక్కవాళ్ళ పొగ వల్ల వచ్చే జబ్బుల పరిశోధనకి పెట్టినారు. 2004 మార్చి 29న ఐర్లండ్‌లో పబ్బులతో సహా పని చేసే చోట్లన్నిటా లోపల పొగ నిషేధించినప్పుడు కూడా ముఖ్యంగా చూసింది అక్కడ పని చేసేవాళ్ళ ఊపిరినే. ఇవన్నీ చదువుతా ఉంటే నాకు మా అక్కే కళ్ళ ముందర తిరిగింది. యాత్రికుడు ఒక రాత్రి ఉండి పోతాడు, అక్క రోజూ వస్తాది.

సరే, లోపల వద్దు అని తేలింది. ఎట్లా ఆపాలి? మొదట నేను చేసింది తప్పు. రూములో కాలిస్తే 500 కట్ అని డిపాజిట్ పట్టుకున్నాను. నెల తిరక్కుండా అర్థమయింది, డబ్బు పోతాదని తెలిస్తే మనిషి మానడు, దాక్కుంటాడు. అందరూ బాత్రూములోకి పోయి ఎగ్జాస్ట్ వేసుకుని కాల్చేది మొదలుపెట్టినారు, అదంతా డక్ట్‌లోకే, పీకలు కమోడ్‌లోకే, చెకౌట్ దగ్గర రోజూ గొడవ. డిపాజిట్ తీసేసినాను.

ఇక్కడ నాకు దోవ చూపించింది కొండే. కౌంటర్లో "అరగంట కూడా ఆపుకోలేను బాస్" అనే మనిషే వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో పది గంటలు, పదిహేను గంటలు కూర్చుని వస్తాడు, ఒక్కటీ కాల్చడు. అయ్యప్ప మాల వేసుకున్నోళ్ళు 41 రోజులు ముట్టరు. అంటే మనిషికి చేతకాక కాదు, ఆ చోటికి మర్యాద ఉందనిపిస్తే ఆపుకుంటాడు. మన చోటికి ఆ మర్యాద మనమే తేవాలి, ఇంకోటి ఏమంటే ఆపుకోలేనోడికి పోవడానికి ఒక జాగా చూపించాలి, వద్దు వద్దు అని గోడకి తోస్తే వాడు మాత్రం యాడికి పోతాడు.

మా వెనక సందులో ఒక వేపచెట్టు ఉండాది. దాని కింద రాతి బండ కడిగించి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఒక లైటు, పీకలకి ఇసుక బకెట్ పెట్టినాను. ముందు వెనక తలుపు పక్కనే పెట్టినాను, అక్కడ కాలిస్తే పొగ పైకి పోయి 203 కిటికీలో దూరింది, మళ్ళీ జరిపి ఒక ముప్పై అడుగుల దూరం కాంపౌండ్ మూలకి మార్చినాను, తలుపుకీ కిటికీలకీ దూరంగా. యాష్‌ట్రేలన్నీ తీసేసినాను. బోర్డులు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు అన్నిటిలో పెట్టినాను, అయినా బోర్డు చదివేవాళ్ళు తక్కువ, మాట వినేవాళ్ళు ఎక్కువ. తాళం చేతిలో పెట్టేటప్పుడే మొహం చూసి చెప్తాను: "రూములో వద్దు సార్, మీ తర్వాత చిన్నపిల్లలు దిగుతారు, రాత్రి ఎన్నింటికైనా కిందికి రండి, వెనక తలుపు తీసే ఉంటాది, చెట్టు కింద లైటుంది, కుర్చీ ఉంది." పిల్లలు అనే మాట వినగానే చానా మంది తలూపుతారు. తాగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళకి ఎవరూ ఇట్లా చెప్పి ఉండరు.

అందరికన్నా కష్టం మా నాయన. ఇరవై ఐదేళ్ళు అదే కౌంటర్లో బీడీ వెలిగించుకుని కూర్చున్న మనిషి. "యాత్రికుణ్ణి కసరకూడదురా, స్వామి పేరు చెప్పుకుని వచ్చినోళ్ళు" అంటాడు, బుకింగ్ పోతాదని భయం కూడా. ఆయన బీడీ సంగతి ఎత్తే ధైర్యం నాకు లేకపోయింది. ఒకరోజు అక్క మెట్లు తుడుస్తా తుడుస్తా ఆగి, "పెద్దయ్యా, అందరికీ చెట్టు చూపిస్తా ఉండాడు చిన్నయ్య, మీరు మాత్రం ఈడ్నే కూర్చోని తాగితే ఎవరింటారు" అనింది. నాయన ఏమీ మాట్లాడలేదు. బీడీ ఆర్పలేదు, అట్లనే చేతిలో పట్టుకుని లేచి వెనక్కి పోయినాడు. మరుసటి రోజు పొద్దున చూస్తే తన పాత పడక్కుర్చీని తానే మోసుకుపోయి చెట్టు కింద వేసుకున్నాడు. ఇప్పటికీ రోజుకి నాలుగైదు తాగుతాడు, అక్కడే. ఏళ్ళుగా వచ్చే మదనపల్లి టమోటా వ్యాపారులు ఆయన పక్కన కూర్చుని మాట్లాడే దానికే కిందికొస్తారు. మా వాచ్‌మన్ అయితే మాల వేసుకున్న 41 రోజుల్లో, సిగరెట్ పెట్టె మీద పొగ మానాలనుకునేవాళ్ళ కోసం ఉండే 1800-11-2356 నంబరుకి ఫోన్ చేసి మాట్లాడినాడు, సంక్రాంతికి మాల తీసినాడు, ఇప్పటికి ఏడు నెలలు, మళ్ళీ ముట్టలేదు.

పాత పొగ సంగతి వేరే. కొత్తగా ఎవరూ కాల్చకపోయినా గోడల్లో, పరుపుల్లో, కర్టెన్లలో దిగింది మళ్ళీ గాల్లోకి వస్తానే ఉంటాది. అమెరికాలో బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు 2010లో చూపించింది ఏమంటే, గోడకి అంటుకున్న నికోటిన్ గాల్లో ఉండే నైట్రస్ యాసిడ్‌తో కలిసి కొత్తగా క్యాన్సర్ కారకాలు తయారవుతాయి. ఊరికే పైన సున్నమో డిస్టెంపరో కొడితే రెండు నెలలకే పసుపు మరకలు పైకొస్తాయి, మేము ఇంతకుముందు రెండుసార్లు అట్లా డబ్బు పోగొట్టుకున్నాము. ఈసారి అక్క చెప్పినట్టు చేసినాము, గోరువెచ్చటి నీళ్ళలో సోపు నీళ్ళు కలిపి ఒకసారి, వెనిగర్ కలిపి ఇంకోసారి, కింద నుంచి పైకి తుడవాలంట, పైనుంచి మొదలుపెడితే గోధుమరంగు నీళ్ళు కారి పొడి గోడ మీద చారలు పడిపోతాయి. 204 ఒక్కదానికే ఏడు బకెట్లు మార్చినాము, మొదటి బకెట్ నీళ్ళు డికాషన్ లాగా ఉండాయి. తర్వాత ఆరబెట్టి, ఆయిల్ ప్రైమర్ ఒక కోటు, దాని మీద రంగు. కర్టెన్లు ఉతికినా పోలేదు, పారేసి ఉతికే దానికి వీలుగా పల్చటి కాటన్‌వి కుట్టించినాము. పరుపులు మార్చినాము, అన్నిటికన్నా ఖర్చు అదే. ఇప్పుడు చెకౌట్ అయిన రూముకి అక్క వెంటనే పోదు. బాయ్ ముందు పోయి కిటికీ తీసి, ఫ్యాను వేసి, తలుపు వారగా పెట్టి వస్తాడు, అరగంట తర్వాతే ఆమె లోపలికి పోవాలి. రద్దీ రోజుల్లో ఆ అరగంట కోసం కౌంటర్లో నన్ను తిట్టేవాళ్ళు ఉండారు, తిట్టనీ.

వ్యాపారం పడిపోలేదు. మొదటి రెండు నెలలు కొంతమంది వెనక్కి తిరిగిపోయినారు, నిజమే. తర్వాత పిల్లలతో వచ్చేవాళ్ళు ఫోన్ చేసి "మీ దగ్గర పొగ వాసన ఉండదంట కదా" అని అడిగేది మొదలయింది. ఇప్పటికీ నెలకి ముగ్గురో నలుగురో రూములో కాలుస్తారు, తెలిస్తే పైకి పోయి తలుపు కొట్టి మెల్లగా చెప్తాను, ఆ రూము ఆ రోజు ఇంకెవరికీ ఇవ్వను. ఆరణి ఆయన నంబరు రిజిస్టర్లో ఉండాది. రెండు మూడుసార్లు డయల్ చేసి కట్ చేసినాను, జరిగింది జరిగినట్టు ఆయనకి చెప్పాలి.

మిగిలింది ఆ డక్ట్. పైన రేకు తీసేసి, వాన పడకుండా గాలి పొయ్యేట్టు ఎత్తులో గొడుగు కట్టి, గాలికి తిరిగే టర్బైన్ పెట్టాలని మేస్త్రీ చెప్పినాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లకి వెనకాల రెక్కల షట్టర్లు, ఫ్యాను ఆగితే వాటంతట అవే మూసుకునేవి, ఇప్పటికి 14 బాత్రూములకి అయినాయి, ఇంకా 8 ఉండాయి. పెరటాసి (తమిళ నెల) శనివారాలు మొదలయితే మా ఊళ్ళో రద్దీకి ఒక్క మేస్త్రీ దొరకడు, అందుకని వచ్చే వారమే పని పెట్టుకున్నాను. అది అయ్యేదాకా 307కి తాళం వేసి పెట్టినాను, తాళంచెవి అక్క దగ్గరే ఉండాది, ఊదుకడ్డీ పట్టుకుని చూసి ఆమె సరే అన్న రోజు తీస్తాము.